పగలంతా మనవడితో

చిరంజీవి చెల్లాయికి,

సోమవారం నుంచి అమ్మాయి ఆఫీసుకు వెళ్తుందనీ, ఏడాదిన్నర పిల్లాణ్ణి పగలంతా ఎలా ఆడించాలో తెలియడం లేదనీ అన్నావు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

కొత్త బొమ్మలేమీ కొనకు. ఈ వయసులో వాడికి నువ్వు చేసే పనే కావాలి. కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే వాడి ముందు ఒక గిన్నె, నాలుగు కాయలు పెట్టు. వేస్తాడు, గుమ్మరిస్తాడు, మళ్ళీ వేస్తాడు. విసుక్కోకు, చెయ్యి కుదిరేది అలాగే. బట్టలు మడతపెట్టేటప్పుడు రుమాళ్లు వాడి వంతు. ఒకటి మొహం మీద కప్పుకుని "అమ్మమ్మ ఏదీ?" అన్నావంటే ఎంతసేపైనా ఆడతాడు.

అన్నిటికన్నా నాకిష్టమైనది నీళ్లాట. బాల్కనీలో ఒక బేసిన్, నాలుగు చెంబుల నీళ్లు, ఒక గ్లాసు, ఒక చిల్లుల గరిటె. గ్లాసులో నిలిచిన నీళ్లు గరిటెలో నిలవకపోతే వాడి మొహం చూడాలి! గరిటె తిరగేసి చూస్తాడు, వేలు పెట్టి చిల్లు మూస్తాడు, మళ్ళీ ముంచుతాడు. అయితే నీళ్ల దగ్గరున్నంతసేపూ వాడు నీ చేతికందేంత దూరంలోనే ఉండాలి. కాలింగ్ బెల్ మోగినా, కుక్కర్ కూత వేసినా వాణ్ణి ఎత్తుకునే లేవాలి. ఆట అవగానే నీళ్లు పారబోసెయ్యి. బకెట్లో జానెడు నీళ్లున్నా చంటిపిల్లలకు ప్రాణాపాయమే.

చింతపిక్కలు, గవ్వలు మనకెంత ముద్దయినా ఇంకొన్నేళ్లు అటక మీదే ఉండనీ. వేరుశెనగ గుళ్లూ అంతే, గొంతుకు అడ్డం పడతాయి. రిమోట్లలో ఉండే బిళ్ల బ్యాటరీ మింగాడని అనుమానం వచ్చినా సరే, క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అన్నం తినడం లేదని ఫోన్ చూపించకు. రెండేళ్లు నిండేదాకా స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. డాలస్‌లో ఉన్న వాళ్ల మేనమామతో వీడియో కాల్ వేరే సంగతి, అది మాట్లాడుకోవడం. ఈ వయసు పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని కూడా ఆ సంస్థే అంది. మూడు గంటలా అని కంగారుపడకు. దిండ్లు ఎక్కి దిగడం, పావురాల వెంట పరుగు, అన్నీ కలుపుకునే. సాయంత్రం మరిదిగారు కూరల బండి దాకా నడిపించుకెళ్తే సరి. వంకాయ ఒకటి చేతిలో పెట్టి పేరు చెప్పమను.

నీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు. కాళ్లు లాగుతుంటే "అమ్మమ్మకు జ్వరం" అని పడుకో. దుప్పటి కప్పుతాడు, ఖాళీ చెంచాతో మందు పోస్తాడు. వాడికి ఆట, నీకు విశ్రాంతి. మధ్యాహ్నం వాడు నిద్రపోతే నువ్వూ నడుం వాల్చు. గిన్నెలు ఎక్కడికీ పోవు. ఆ నిద్రవేళ మాత్రం అమ్మాయి చెప్పినట్టే ఉంచు, మన పాత పద్ధతులని వాదించకు.

బాల్కనీకి నెట్ కట్టించారా? లేకపోతే సోమవారం లోపే కట్టించమని మరిదిగారికి నా మాటగా చెప్పు. అంతవరకు నీళ్లాట ఇంట్లోనే.

ప్రేమతో,
అక్క