షట్టరు సగం దించి వెళ్లకండి

సమస్య

నా వయసు 44. మాది గుంటూరు. ప్రింటింగ్ డిప్లొమా చేసి హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రెస్సులో ఏడేళ్లు పనిచేశాను. 2012లో ఉద్యోగం మానేసి ఊళ్లోనే సొంతంగా ఆఫ్‌సెట్ ప్రెస్సు పెట్టుకున్నాను. పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ల ప్రోగ్రెస్ కార్డులు, కరపత్రాలు వేసేవాళ్లం. మొదట్లో మాఘమాసం వచ్చిందంటే అర్ధరాత్రి దాటినా మిషను ఆగేది కాదు. ఇప్పుడు వెయ్యి కార్డులు వేయించాల్సినవాళ్లు రెండు వందలతో సరిపెట్టి, మిగతావాళ్లకు వాట్సాప్‌లో పంపేస్తున్నారు. కొట్లన్నీ కంప్యూటర్ బిల్లులకు మారాక బిల్లు పుస్తకాల పనీ పోయింది. రావాల్సిన బాకీలు రెండున్నర లక్షల పైనే. ఎన్నికల్లో కరపత్రాలు వేయించుకున్న ఒకాయన, ఓడిపోయాక నా ఫోను ఎత్తడమే మానేశాడు.

హైదరాబాద్ శివారులో మందుల అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీలో ప్రొడక్షన్ సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామన్నారు. జీతం 38 వేలు. ఇంటర్వ్యూ చేసిన మేనేజరుకు ముప్పై దాటి ఉండవు. ‘ఇన్నాళ్లూ ఓనరుగా ఉన్నారు, మా దగ్గర ఇమడగలరా?’ అని అడిగాడు. ఏదో చెప్పి బయటపడ్డానుగానీ నాకే అనుమానంగా ఉంది. మామగారేమో ‘సొంత ప్రెస్సు పెట్టుకున్నవాడివి, ఈ వయసులో ఇంకొకరి కింద చేరతావా?’ అంటున్నారు. మా ఆవిడ డీటీపీ, ప్రూఫులు చూస్తుంది. ‘మీరు వెళ్లండి, నేనూ తమ్ముడూ ప్రెస్సు నడుపుతాం, అక్కడ కుదరకపోతే వెనక్కి రావచ్చు’ అంటోంది. నాకూ అదే మంచిదనిపిస్తోంది. బ్యాంకు కిస్తీ ఇంకా నడుస్తోంది. ఏం చేయమంటారు?

- పేరు వద్దన్న పాఠకుడు, గుంటూరు

సలహా

ఉద్యోగంలో చేరండి. ప్రెస్సును మాత్రం అలా వదిలి వెళ్లకండి. మీ ఆవిడ మాటలో ప్రేమ ఉంది, ధైర్యం ఉంది. లెక్క మాత్రం లేదు.

మీ ప్రెస్సు మిషను మీద నడుస్తోందని అనుకుంటున్నారేమో, అది మీ మీద నడుస్తోంది. ఇంకు, నీళ్లు సమంగా పడుతున్నాయో లేదో షీటు చేతిలోకి తీసుకుని చెప్పే మనిషి మీరే. బాకీ అడగాల్సిందీ, పేపరు డీలరుకు సర్దిచెప్పాల్సిందీ మీరే. మీరు లేకుండా నడిస్తే ఏమవుతుంది? మీరు అక్కడ షిఫ్టులో ఉండగా ఇక్కడి నుంచి ఫోన్లు వస్తాయి. శనివారం రాత్రి బస్సెక్కి వచ్చి ఆదివారమంతా మిషను దగ్గర గడుపుతారు. షాపు అద్దె, కరెంటు బిల్లు మీ జీతంలోంచి పోతాయి. కొన్నాళ్లకు ఉద్యోగమూ సరిగా చేయలేక, ప్రెస్సూ నిలబడక రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. పైగా వెనక్కి రావడానికి చోటుందనుకుంటే, మేనేజరు మొదటిసారి గట్టిగా మాట్లాడిన రోజే మీకు గుంటూరు బస్సు గుర్తొస్తుంది.

ముందు కాగితం మీద లెక్క వేయండి. నిరుటి బ్యాంకు స్టేట్‌మెంటు తీసి అద్దె, కరెంటు, బైండరు కూలి, పేపరు, కిస్తీ అన్నీ పోగా మీకు నెలకెంత మిగిలిందో చూడండి. మాఘమాసం రాబడి చూసి మురిసిపోకండి, ఆషాఢాన్నీ మూఢాన్నీ కలిపి సగటు తీయండి. మీ ఆవిడ పనికీ ఒక జీతం కట్టి తీసేయండి. మిగిలినదే మీ అసలు సంపాదన. అటు 38 వేలలో చేతికి వచ్చేదెంతో అడిగి, అందులోంచి హైదరాబాద్‌లో గది, భోజనం ఖర్చు తీసేసి పోల్చండి. ఉద్యోగం కంపెనీ రోల్స్ మీదా, కాంట్రాక్టరు ద్వారానా అన్నదీ అడగండి. ఈఎస్ఐ 21 వేల లోపు జీతం ఉన్నవాళ్లకే కాబట్టి మీకు రాదు. కుటుంబానికి గ్రూప్ ఆరోగ్య బీమా ఇస్తారో లేదో చేరకముందే తేల్చుకోండి.

మీరు ఉత్తరంలో రాయని విషయం ఒకటుంది. ఆ ఏడేళ్ల ఉద్యోగంలో పీఎఫ్ కోశారా? కోసి ఉంటే, మానేశాక పింఛను డబ్బు కూడా తీసేసుకున్నారా? ఈపీఎఫ్ పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. పింఛను డబ్బు వెనక్కి తీసుకోకపోయుంటే పాత ఏడేళ్లు పోలేదు, కొత్త సర్వీసుకు కలుస్తాయి. ఇంకో మూడేళ్లు చేస్తే అర్హత వచ్చేస్తుంది. మీరు మానేసిన 2012 నాటికి యూఏఎన్ నంబర్లు లేవు, అవి 2014లో వచ్చాయి. కాబట్టి పాత పీఎఫ్ నంబరున్న స్లిప్పు వెతికి పట్టుకోండి. చేరేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లో ‘ఇంతకుముందు సభ్యుణ్ని’ అని తప్పకుండా రాయండి. ‘కొత్త’ అని రాసేస్తే ఆ ఏడేళ్లను కలుపుకోవడానికి తర్వాత చాలా తిరగాల్సి వస్తుంది.

ఇక ప్రెస్సు మూసే పని. మిషను అప్పు మీద కొన్నదైతే బ్యాంకు అనుమతి లేకుండా అమ్మకండి. అమ్మిన డబ్బుతో ముందు ఆ అప్పే తీర్చండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే రద్దుకు దరఖాస్తు పెట్టండి. పని లేదు కదా అని రిటర్నులు ఆపేస్తే ఆలస్య రుసుము పెరుగుతూనే ఉంటుంది. రద్దయ్యాక మూడు నెలల్లో జీఎస్‌టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను వేయాలి. చాలామంది మర్చిపోయేది దాన్నే. మిగిలిన కాగితం మీదా, మిషను మీదా తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌లో కొంత తిరిగి కట్టాల్సి రావచ్చు, మీ ఆడిటరుతో ముందే మాట్లాడండి. వ్యాపారంలో వచ్చిన నష్టాన్ని జీతం ఆదాయంలోంచి తీసేసి పన్ను తగ్గించుకోవడం కుదరదు, ఆ ఆశ పెట్టుకోకండి.

బాకీల సంగతి. దావా వేయడానికి మామూలుగా మూడేళ్లే గడువు. ఆ లోపు బాకీదారు ‘ఇంత ఇవ్వాలి’ అని సంతకం పెట్టి రాసిస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు ఉంటుంది. ఊరు వదిలేలోపు స్కూళ్ల దగ్గరా, కొట్ల దగ్గరా అలా రాయించుకోండి. తగ్గించి ఇస్తామన్నవాళ్ల దగ్గర తగ్గించే తీసుకోండి. ఓడిపోయిన ఆ నాయకుడి దగ్గరికి ఒక్కసారి మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి రండి. రాకపోతే ఆ పేరు కొట్టేయండి.

మీ ఆవిడ పని ఎందుకు ఆగాలి? డీటీపీకి షాపు అక్కర్లేదు, ఇంట్లో కంప్యూటరు చాలు. డిజైను, ప్రూఫు తను చూసుకుని, ప్రింటింగు బయట ప్రెస్సులో జాబ్ వర్కుగా వేయించవచ్చు. అది ఆమె పేరు మీద, ఆమె లెక్కలో సాగాలి. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో వేరే వ్యాపారం చేయకూడదని షరతు ఉంటుందేమో చూసి, ఈ సంగతి కంపెనీకి ముందే చెప్పండి.

మేనేజరు ప్రశ్నకు రండి. అది అవమానం కాదు, అడగాల్సిన ప్రశ్నే. ‘సాయంత్రానికల్లా కార్డులు కావాలని కూర్చున్న ప్రతి పెళ్లివారూ నాకు బాసే’ అని చెప్పి ఉంటే సరిపోయేది. నిజంగా కష్టమయ్యేది వయసు తేడా కాదు, పద్ధతి. మీ ప్రెస్సులో ప్రూఫు మీ ఆవిడ చూసి సరే అంటే మిషను ఎక్కించేవారు. మందుల పెట్టెల దగ్గర అలా కుదరదు. ఒక పని అయ్యాక పాత షీటు ఒక్కటి కూడా మిషను చుట్టుపక్కల లేదని చూసి, సంతకం పెట్టాకే తర్వాతి పని మొదలుపెట్టాలి. ఒక మందు పెట్టె ఇంకో మందు కట్టలో కలిస్తే ప్రాణాల మీదికొస్తుంది. ఆ సంతకాలన్నీ చాదస్తంగా అనిపిస్తాయి. మొదటి ఆరు నెలలు ‘మా ప్రెస్సులో అయితే’ అన్న మాట నోటి దాకా వచ్చినా మింగేయండి. పద్ధతి పూర్తిగా తెలిశాక సలహా ఇవ్వండి, అప్పుడు వింటారు. కాగితం వృథా ఎక్కడ అవుతుందో సొంత డబ్బుతో కొన్నవాడికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ కుర్ర మేనేజరుకు మీతో అవసరం పడేది అక్కడే.

మామగారితో వాదించకండి. ఇన్నేళ్లు ప్రెస్సు నడిపి ఇల్లు గడిపారు, అది ఓటమి కాదు. రాబడి లేని షాపుకు అద్దె కట్టుకుంటూ పోతేనే ఓటమి. చేరే తేదీకి ముందు కంపెనీని ఒక నెల గడువు అడగండి. ఆ నెలలో మిషను అమ్మి, బైండరుకు లెక్క తీర్చి, వీలైతే ఇంకో ప్రెస్సులో అతనికి పని చూపించి, షట్టరు పూర్తిగా దించి వెళ్లండి.