మాట వినే యంత్రమూ, ఇంటి గుట్టూ

ఆటోనగర్‌లో మాట చెల్లదు. అక్కడివాళ్ళు మాట తప్పుతారని కాదు నా భావం. అసలు మాట వినపడదని. ఒక షెడ్డులో గ్రైండరు, పక్క షెడ్డులో గ్యాస్ కటింగు, రోడ్డు మీద ట్రైలరు. పది అడుగుల దూరంలో ఉన్న మనిషిని పదమూడో నంబరు స్పానరు అడగాలంటే వేళ్ళతో చూపించాలి. ఉక్కు కర్మాగారానికీ, షిప్‌యార్డుకూ, పోర్టుకూ కావలసిన చిన్నాచితకా పనులు చేసే అలాంటి షెడ్లలో మా మావయ్య లేతు షెడ్డు కూడా ఒకటి. సెలవుల్లో పద్దులు రాసిపెట్టడానికి నేను అక్కడికి వెళ్తుంటాను.

ఆ షెడ్డులో లేతుకు పైన, మేకుకు ప్లాస్టిక్ కవరు తగిలించి, అందులో మావయ్య తన ఫోను పెట్టాడు. చేతులు ఎప్పుడూ కటింగ్ ఆయిల్లోనే ఉంటాయి గనక ఫోను ముట్టుకోవడం కుదరదు. అందుకని పిలుస్తాడు. పిలిచి, ‘అంగుళం పావు ఎన్ని మిల్లీమీటర్లు?’ అని అడుగుతాడు. అది 31.75 అని చెబుతుంది. ఇదే లెక్క పూర్వం నన్ను అడిగేవాడు. బీయస్సీ చదివే మేనల్లుడి కంటే అదే త్వరగా చెబుతుందని ఇప్పుడు దాన్ని అడుగుతున్నాడు. నాకు కొంచెం చిన్నతనంగానే ఉంటుంది గాని, ఉపయోగం ఉపయోగమే.

ఈ గొంతుతో నడిచే సహాయకుల చరిత్ర మరీ పాతది కాదు. ఆపిల్ వారి సిరి 2011లోనూ, అమెజాన్ ఎకో పెట్టె, అందులోని అలెక్సా 2014లోనూ, గూగుల్ అసిస్టెంట్ 2016లోనూ వచ్చాయి. ఎకో మన దేశపు మార్కెట్టులోకి 2017లో దిగింది, 2019లో హిందీ నేర్చింది. గూగుల్ అసిస్టెంట్ 2019 నాటికి తెలుగులో మాట్లాడుతోంది. 2024 అక్టోబరులో అదే సంస్థ తన జెమినై లైవ్‌లోనూ తెలుగు ప్రవేశపెడుతున్నట్టు ప్రకటించింది. చదువు రానివాడికి, కళ్ళు కనపడని ముసలివారికి, చేతులు ఖాళీ లేని పనివాడికి ఇది మేలు చేసే విద్యే. టైపు చేయడం వచ్చిన మనబోటివాళ్ళకు అది సరదా, వాళ్ళకు అవసరం. గోప్యత గురించి మాట్లాడే ముందు ఈ తేడా మరచిపోకూడదు.

ఇప్పుడు రెండో సంగతి. ఒక ఆదివారం ఫోనులో ఏదో వెతుకుతూ, ఆ సహాయకుడిని అడిగిన పాత ప్రశ్నల జాబితా తెరిచాను. అంగుళాలు, మిల్లీమీటర్లు, వాన, రెండు పాత సినిమా పాటలు. వాటి మధ్య ప్రశ్న కాని ముక్క ఒకటి కనపడింది. సగం అక్షరాలు తప్పులే గాని అర్థం తెలుస్తూనే ఉంది. షెడ్డులో పనిచేసే కుర్రవాడొకడు పక్కవాడితో, పండగ వెళ్ళాక ఈ పని మానేస్తానని, ఇంకో చోట రోజుకు కొంత ఎక్కువ ఇస్తామన్నారని, మేస్త్రీకి మాత్రం ఇప్పుడే చెప్పొద్దని అంటున్నాడు. ఫోనును ఎవరూ పిలవలేదు. అదే పిలిచారనుకుంది. (ఆ కుర్రవాడు ఇప్పుడు అక్కడ లేడు కాబట్టి రాస్తున్నాను, వివరాలు కొంచెం మార్చాను.)

నేను ఆ ముక్క చెరిపేశాను. మావయ్యకు చెప్పలేదు. కాని ఆ రోజంతా ఆ కుర్రవాడి మొహం చూడలేకపోయాను. వాడికి తెలియకుండా వాడి గుట్టు నా దగ్గర ఉంది. చాటున నిలబడి విన్నవాడి తప్పు నాది కాదు, అయినా విన్నట్టే అయింది.

పిలవకుండా ఎలా విన్నదో సైన్సు విద్యార్థిగా తెలుసుకోవాలనిపించింది. ‘ఫోను రాత్రింబవళ్ళు మన మాటలన్నీ అమెరికాకు పంపుతుంది’ అని హాస్టల్లో అందరూ అంటారు. అది నిజమో కాదో కాగితం మీద లెక్క వేయవచ్చు. గాలిలోని ఒత్తిడి మార్పులను మైకు విద్యుత్తుగా మారుస్తుంది. మాటలకైతే ఆ విద్యుత్తును సెకనుకు 16,000 సార్లు కొలిస్తే సరిపోతుంది. ఒక్కొక్క కొలతకు రెండు బైట్లు. అంటే సెకనుకు 32,000 బైట్లు. గంటకు 11 కోట్ల 52 లక్షలు. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఉన్న ఫోను ఈ లెక్కన పదమూడు గంటలకే ఖాళీ కావాలి. అలా కావడం లేదు కదా! అయితే శబ్దాన్ని కుదించే పద్ధతులున్నాయి. పదో వంతుకు కుదిస్తే రోజంతా కలిపి 276 ఎంబీ అవుతుంది. అది అంత కొట్టొచ్చినట్టు కనపడదు. కాని ఫోనులో ఏ యాప్ ఎంత డేటా వాడిందో చూపే పట్టిక ఒకటుంది. అందులో తెలిసిపోతుంది. మావయ్య ఫోనులో నేను వారం రోజులు చూశాను. అటువంటి మోత ఏదీ లేదు.

మరి జరిగేదేమిటంటే, పిలుపు మాట కోసం ఫోనులోనే ఒక చిన్న కార్యక్రమం ఎప్పుడూ కాచుకుని ఉంటుంది. చివరి కొద్ది సెకన్ల శబ్దాన్ని మాత్రమే పలక మీద రాసుకుని, తుడిచి, మళ్ళీ రాసుకుంటూ ఉంటుంది. ఆ శబ్దంలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూసి, పిలుపు మాటతో పోల్చి, మార్కులు వేస్తుంది. మార్కులు ఒక గీత దాటితే ‘పిలిచారు’ అని నిశ్చయించుకుని, అక్కడి నుంచి వచ్చే మాటలను కంపెనీ కంప్యూటర్లకు పంపుతుంది. చిక్కంతా ఆ గీత దగ్గరే. గీత ఎత్తులో పెడితే నిజంగా పిలిచినా పలకదు. దించితే పిలవకపోయినా పలుకుతుంది. జల్లెడ కన్ను సన్నం చేస్తే గింజ ఆగిపోతుంది, పెద్దది చేస్తే పొట్టు కూడా దిగుతుంది. ఇది ఏ కంపెనీ దుర్మార్గమూ కాదు, లెక్కలోనే ఉన్న గుణం. గ్రైండర్ల రొదలో కూడా మావయ్య పిలుపు వినాలని మనం కోరుకున్నాం కనుక, కుర్రవాడి గుసగుస కూడా ఒక్కొక్కప్పుడు పిలుపులా వినపడుతుంది.

ఇది మా షెడ్డు గొడవే కాదు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం వారు మరికొందరితో కలిసి 2020లో ఇలాంటి స్పీకర్ల ముందు గంటల తరబడి టెలివిజన్ కార్యక్రమాలు నడిపి చూశారు. పిలవకుండానే లేవడం, యంత్రాన్ని బట్టి, రోజుకు సగటున 19 సార్ల వరకు జరిగింది. అంతకు ముందు 2019 జులైలో బెల్జియం ప్రసార సంస్థ వీఆర్‌టీ ఇంకో సంగతి బయటపెట్టింది: గూగుల్ సహాయకుడు పంపిన రికార్డింగులలో కొన్నింటిని కాంట్రాక్టు మనుషులు వింటున్నారు. ఆ సంస్థ విన్న వెయ్యికి పైబడిన ముక్కల్లో 153 ఎవరూ పిలవకుండా రికార్డయినవే. తాము వినిపించేది నూటికి 0.2 వంతు మాత్రమేనని, భాషలు నేర్పడానికి అది తప్పదని గూగుల్ జవాబు. అదే యేడు సిరి రికార్డింగుల మీద కూడా గొడవ రాగా ఆపిల్ క్షమాపణ చెప్పి, ఇకమీదట ఒప్పుకున్నవాళ్ళవే వింటామంది. తరువాత అమెరికాలో నడిచిన దావాలో తప్పు ఒప్పుకోకుండానే 9.5 కోట్ల డాలర్లకు రాజీపడిన వార్త 2025 జనవరిలో వచ్చింది. పిల్లల గొంతులను చెరపకుండా దాచిపెట్టిందన్న అభియోగం మీద అమెజాన్ 2023లో 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

‘మా ఊళ్ళో గుట్టెక్కడిదిరా?’ అని ఈ విషయాలన్నీ విన్నాక నాన్న అన్నాడు. వాళ్ళ చిన్నతనంలో ఊరికంతటికీ పోస్టాఫీసులోనే ఒక ఫోను. వైజాగులో ఉన్న బంధువుతో మాట్లాడితే గట్టిగా అరవాలి, క్యూలో ఉన్నవాళ్ళంతా వింటారు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆ మాట నిజమే. పల్లెటూళ్ళవాళ్ళం మేము గోప్యతలో పుట్టిపెరిగినవాళ్ళం కాదు. కాని ఒక తేడా ఉంది. అక్కడ విన్నది ఎవరో మాట్లాడినవాడికి కనపడుతూనే ఉండేది. అసలు సంగతి చెప్పాలో వద్దో వాళ్ళ మొహాలు చూసి నిర్ణయించుకునేవాడు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెతలో కూడా గుట్టు చెప్పినవాడు ఇంటివాడే, తెలిసే చెప్పాడు. మేకుకు వేలాడే ఫోను విషయంలో ఆ అవకాశం కుర్రవాడికి లేదు.

నా మట్టుకు అసలు ప్రశ్న ఇక్కడే ఉందనిపిస్తుంది. ఉపయోగమా, గోప్యతా అని తక్కెడలో పెట్టి తూచమంటారు. బాగానే ఉంది గాని ఉపయోగం పొందినవాడూ, గుట్టు పోగొట్టుకున్నవాడూ ఒక్కరే అయితే కదా తూచడం! ఇక్కడ ‘సరే’ అని నొక్కిన బొటనవేలు మావయ్యది. వెళ్ళిన గొంతులు నలుగురివి. ఇంట్లోనూ అంతే: స్పీకరు కొన్నది కొడుకు, వంటింట్లో మాట్లాడేది తల్లి.

చట్టం ఏమంటోందో చూద్దాం. భార్య ఫోను మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి విడాకుల కేసులో సాక్ష్యంగా పెట్టబోయిన ఒక భర్తను 2007 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అడ్డుకుంది. భార్యాభర్తల మధ్యనైనా అది ఆమె గోప్యతకు భంగమేనంది. 2017 ఆగస్టు 24న, జస్టిస్ పుట్టస్వామి వేసిన కేసులో, సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. అయితే 2025 జులైలో అదే సుప్రీంకోర్టు, దాంపత్య వివాదాల్లో రహస్యంగా రికార్డు చేసిన మాటలను సాక్ష్యంగా తీసుకోవచ్చునంది. ఇంట్లో రికార్డయిన మాట రేపు ఏ కోర్టులో తేలుతుందో చెప్పలేమన్నమాట. ఇక 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి అడిగే కాగితం సులభమైన భాషలో ఉండాలనీ, కావాలంటే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులో కూడా, దొరకాలనీ చెప్పింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలు చేయవలసినవాటిలో చాలా భాగానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. తెలుగులో చదివి ఒప్పుకోవడం మంచిదే. కాని ఒప్పుకునేది ఫోను యజమాని. పక్కన నిలబడ్డ కుర్రవాడి సమ్మతి ఎవరు అడగాలి?

ఇంతదాకా చదివినవారు నేను ఈ యంత్రానికి శత్రువుననుకుంటారేమో. కాదు. మా నాన్న ఫోను పట్టుకుని ‘రేపు వాన పడతాదేటి?’ అని అడిగితే అది రెండుసార్లు అడగనివ్వందే పలకదు. అనకాపల్లి బెల్లం ధర అడిగితే ఇంకేదో చెబుతుంది. చివరకు ఆయన రేడియోలో వార్తలు చదివినట్టు ‘రేపు వర్షం పడుతుందా’ అని గొంతు సవరించుకుని అడగాలి. ఆయన ఆ తెలుగు మాట్లాడటం మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ వినలేదు. మా యాస దానికి రావాలంటే ఎవరో ఒకరు మా యాసలో మాట్లాడి ఇవ్వాలి. ఇంకో దారి లేదు. అందరం గుట్టుగా కూర్చుంటే యంత్రం ఎప్పటికీ పుస్తకాల తెలుగే మాట్లాడుతుంది, ఉపయోగం చదువుకున్నవాళ్ళకే దక్కుతుంది.

అలా ఇవ్వడానికి మర్యాదైన పద్ధతి ఉంది కూడా. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ వారు 2024లో ప్రకటించిన ఇండిక్ వాయిసెస్ భాండాగారంలో 22 భాషల్లో, 145 జిల్లాల నుంచి, 16,237 మంది మాట్లాడిన 7,348 గంటల మాటలున్నాయి. బెంగుళూరు ఐఐఎస్‌సీ వారు గూగుల్‌తో కలిసి ‘వాణి’ పేరుతో దేశంలోని జిల్లాలన్నిటి నుంచీ గొంతులు సేకరించాలని పెట్టుకున్నారు; బొమ్మ చూపించి, మీ మాటల్లో చెప్పండి అంటారు. హైదరాబాదు ఐఐఐటీ వారు కూడా తెలుగు మాటలను జనం దగ్గర నుంచి సేకరించారు. ఇందులో మాట్లాడేవాడికి తాను మాట్లాడుతున్నది యంత్రం కోసమని తెలుసు. చెప్పదలచుకున్నదే చెబుతాడు. పని మానేసే సంగతి చెప్పడు. అడిగి తీసుకున్న గొంతుతో పని జరుగుతున్నప్పుడు, అడగకుండా పట్టిన గొంతు ఎందుకు దాచుకోవాలో నాకు అర్థం కాదు. పిలవకుండా లేచానని తెలిసిన తక్షణం ఆ ముక్కను ఫోనులోనే తుడిచెయ్యడం చేతకాని విద్యేమీ కాదు. ఆపాటి పనికి కావలసిన శక్తి నేటి ఫోన్లలోనే ఉంది. అయినా గాలి ఎటు వీస్తోందంటే, మాటలను ఇంట్లోని పెట్టెలోనే తేల్చుకుని రికార్డింగు బయటకు పంపకుండా ఉండే సదుపాయం కొన్ని ఎకోలలో ఉండేది, దాన్ని అమెజాన్ 2025 మార్చి 28తో ఎత్తేసింది. కొత్త తెలివితేటలకు పెద్ద కంప్యూటర్లు కావాలన్నది వారు చెప్పిన కారణం.

షెడ్డు విషయానికొస్తే, నేను మావయ్యతో కుర్రవాడి పేరెత్తకుండా, ‘అది పిలవకుండా కూడా వింటోంది మావయ్యా’ అని మాత్రం చెప్పాను. పిలుపుతో లేచే ఏర్పాటు తీసేసి, బటను నొక్కితేనే వినేటట్టు పెట్టాను. మేకు పక్కన ఫోను తుడవడానికి కాటన్ వేస్టు ముక్క ఒకటి వేలాడదీశాను. పనివాళ్ళకు కూడా, ఆ ఫోను ముందు మాట్లాడేటప్పుడు చూసుకోమని చెప్పాను. ‘ఇదేదో ముందే చెప్పుండాల్సింది బాబూ’ అన్నాడొకాయన. ఏ మాట గుర్తొచ్చిందో నేను అడగలేదు.

రెండు వారాల తరువాత వెళ్ళి చూస్తే పిలుపు ఏర్పాటు మళ్ళీ పెట్టి ఉంది. కాటన్ వేస్టు ముక్క నల్లగా గ్రీజు పట్టి ఉంది. ‘బటను నొక్కిన ప్రతిసారీ అద్దమంతా ఆయిలవుతోంది. చేతులు ఖాళీ ఉండొద్దురా అల్లుడూ!’ అన్నాడు మావయ్య. మధ్యాహ్నం అన్నాల వేళ పనివాళ్ళు నలుగురూ క్యారేజీలు పట్టుకుని షెడ్డు బయట వేపచెట్టు కింద కూర్చున్నారు. ఇదివరకు లేతు పక్కనే తినేవారు.