వందకు నిలబడేది ఏది?

అమరావతి, పెదకూరపాడు, సత్తెనపల్లి వైపు నుంచి బ్యాంకు పరీక్షలకూ గ్రూప్స్‌కూ చదివే పిల్లల్లో చాలామందికి శాతం కట్టడం బాగానే వచ్చు. 500లో 34 శాతం ఎంతంటే వెంటనే 170 అంటారు. అదే లెక్కను తిరగేసి, 34 శాతం విలువ 170 అయితే మొత్తమెంత అంటే కలం ఆగిపోతుంది. ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో 35 లెక్కలకు ఇచ్చేది 20 నిమిషాలే. అక్కడ ఆగితే వెనకబడినట్టే.

పై అంకెలు గుంటూరు ప్రాంతపు జిన్నింగ్ మిల్లుల్లో రోజూ వినబడేవే. మన దేశంలో దూది బేలు బరువు 170 కిలోలు. పత్తిలో దూది సుమారు మూడోవంతు, మిగిలినది చాలావరకు గింజ. 34 శాతం దూది దిగుతుందనుకుంటే ఒక బేలుకు ఎంత పత్తి కొనాలి? 34కు 170 అయినప్పుడు 100కు ఎంత? 34ను ఐదుతో హెచ్చిస్తే 170 వచ్చింది కాబట్టి 100నూ ఐదుతోనే హెచ్చించాలి. 500 కిలోలు, అంటే ఐదు క్వింటాళ్లు. దూది 33 శాతమే దిగితే అదే బేలుకు దాదాపు 515 కిలోలు కావాలి. ఒక్క శాతం తగ్గినందుకు వంద బేళ్ల దగ్గర 15 క్వింటాళ్ల పత్తి ఎక్కువ పడుతుంది. మిల్లులో సూపర్‌వైజరుగానో కొనుగోలుదారుగానో చేరాలనుకునేవాళ్లకు ఈ లెక్క నోటికి రావాలి.

మిర్చి లెక్క ఇంకాస్త చిక్కు. కల్లంలో ఎండి యార్డుకు వచ్చిన క్వింటా కాయలో తేమ 10 శాతం ఉందనుకుందాం. కోసినప్పుడు పచ్చికాయలో తేమ 75 శాతం. ఆ క్వింటా కోసం ఎంత కాయ కోసి ఉంటారు? ఎండేకొద్దీ నీరు పోతుంది, పొడి పదార్థం మాత్రం మారదు. ఎండుకాయలో అది 90 కిలోలు. పచ్చికాయలో 25 శాతం. 25కు 90 అయితే 100కు నాలుగింతలు, 360 కిలోలు. ఎండుద్రాక్ష పేరుతో పోటీ పరీక్షల్లో తరచూ వచ్చే లెక్క ఇదే.

ధరల లెక్కలో ఎక్కువమంది పడిపోతారు. మిర్చి ధర 20 శాతం పెరిగి క్వింటా 18,000 అయితే పాత ధర ఎంత? 18,000లోంచి 20 శాతం తీసేసి 14,400 అని రాస్తారు. తప్పు. వందకు నిలబడేది పాత ధర. ఇప్పటి ధర 120. 120కి 18,000 అయితే 100కి 15,000.

అందుకే పెన్ను కదిపేముందు ప్రశ్నలో 100 ఏదో గుర్తించి దాని కింద గీత గీయండి. జవాబు వచ్చాక ఒకసారి సరిచూసుకోండి: ఇచ్చింది వంద శాతం కన్నా తక్కువైతే మొత్తం దానికన్నా పెద్దదిగా రావాలి. మీ ఊరి దగ్గర జిన్నింగ్ మిల్లు ఉంటే వెళ్లి ఈ ఏడాది దూది ఎంత శాతం దిగుతోందో అడగండి. ఆ అంకెతో బేలు లెక్క మీరే కట్టి చూడండి.