గోలు గురించి గోల పెట్టేముందు

అశోక్‌నగర్ చౌరస్తా నుంచి చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దాకా ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా పొద్దున్నే రెండు ముచ్చట్లు వినిపిస్తాయి: నోటిఫికేషన్ ఎప్పుడు, రాత్రి మ్యాచ్ ఏమైంది. గ్రూప్స్‌కు చదివే పిల్లలు మెస్సీ అని ఒకరు, రొనాల్డో అని ఒకరు తగువుపడుతుంటారు. ఆ తగువులంటే నాకు ప్రాణం. లాల్ బహదూర్ స్టేడియం గ్యాలరీలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న తరం మాది. ఆ చనువుతోనే చెబుతున్నా.

1. చూసిన మ్యాచ్ గురించే వాదించండి. ఫోన్లో వచ్చే ముక్కలో గోలు కొట్టినవాడే కనిపిస్తాడు. డిఫెండర్‌ను తనవెంట పక్కకు లాక్కెళ్లి, అతనికి దారి ఖాళీ చేసిన వాడు కనిపించడు. మా గ్యాలరీలో పెద్దవాళ్లు బంతిని వదిలేసి అలాంటివాణ్నే చూసేవారు. నాకు ఆట అర్థమైంది వాళ్ల పక్కన కూర్చున్నాకే.

2. మజాక్ ఆట మీద చెయ్యండి. పెనాల్టీ ఆకాశంలోకి కొడితే నవ్వండి, వారమంతా గుర్తుచేయండి. కులం, మతం, ఒంటి రంగు మాటల్లోకి వస్తే మాత్రం గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోండి. అజీజుద్దీన్, నూర్ మహ్మద్, తంగరాజ్, అమ్ముగూడ తులసీదాస్ బలరాం ఆడిన ఊరిది.

3. మన ఊరి సంగతి ముందు తెలుసుకోండి. బార్సిలోనా చరిత్ర గడగడా చెప్పే పిల్లలకు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు 'మైదాన్' సినిమా వచ్చేదాకా తెలియదంటే నాకు బాధేస్తుంది. నారాయణగూడ నుంచి నడిచిపోయేంత దూరంలోని కాచిగూడలో ఆయన బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాను నాలుగో స్థానంలో నిలబెట్టింది ఆయనే. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక టోర్నమెంటు, బలహీనమైన కాలితోనే ఆడాలని మరొకటి పెట్టేవారు. పాసింగ్ నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నేను వినలేదు.

1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్ కథ ప్రతి టీ కొట్టు దగ్గరా చెప్పుకోవలసింది. రాజకీయ గొడవల వల్ల స్టేడియమంతా మనవాళ్లను గేలి చేస్తోంది. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ఫార్వర్డ్‌గా ఆడించారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో పోయారు.

పీలే ఎంత గొప్పవాడని వాదన వస్తే హబీబ్ పేరు ఎత్తండి. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2 డ్రా చేసుకుంది. అందులో ఒక గోలు మన హైదరాబాద్ మహమ్మద్ హబీబ్‌ది.

4. గెలిచినవాడే టీ డబ్బులివ్వాలి.

5. జట్టు ఓడిన రోజుల్లో కూడా దాన్ని వదలనివాణ్ని ఎగతాళి చేయకండి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్ఎల్ ఫైనల్ గుర్తుందా? 88వ నిమిషంలో సాహిల్ తవోరా వాలీతో స్కోరు సమం. షూటౌట్లో గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కప్పు హైదరాబాద్ ఎఫ్‌సీది. ఆ రాత్రి ఊళ్లో అందరూ అభిమానులే. తర్వాత వరస ఓటములొచ్చాయి, గచ్చిబౌలి గ్యాలరీ పలచబడింది. 2025లో జట్టే ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇప్పటికీ ఆ పసుపు జెర్సీ వేసుకుని లైబ్రరీకి వచ్చే కుర్రాడు కనబడితే నేను ఆగి పలకరిస్తాను.

6. వాదన తెగకపోతే ఆడి తేల్చుకోండి. ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో కాస్త జాగా దొరికితే చాలు, చెప్పులు గోల్‌పోస్టులవుతాయి. రహీం సాబ్ పద్ధతిలో ఓ పూట అందరూ చేతకాని కాలితోనే ఆడండి. మెస్సీ వర్గం ఒకవైపు, రొనాల్డో వర్గం ఒకవైపు. రెఫరీ కావాలంటే నన్ను పిలవండి, వస్తాను.