స్కానింగ్ యంత్రం – మనం అడిగే ప్రశ్న



"విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా?" అన్న అంశంపై మన పిల్లలు బడిలో వ్యాసాలు వ్రాస్తూనే ఉంటారు. చివరకు అందరూ చేరుకునే మాట ఒకటే. కత్తితో కూరగాయలు తరగవచ్చు, గొంతూ కోయవచ్చు; తప్పు కత్తిది కాదు, చేతిది. ఈ మాట నిజమే, కాని సగం నిజం. మిగిలిన సగం ఏమిటో తెలుసుకొనడానికి మన కుటుంబాలన్నిటికీ పరిచయమైన ఒక యంత్రాన్ని తీసుకుందాము. అది గర్భిణీ స్త్రీలకు స్కానింగ్ చేసే అల్ట్రాసౌండ్ యంత్రము.

యంత్రం వచ్చిన దారి

మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. స్కానింగులో వాడే శబ్దానికి సెకనుకు లక్షల కొలది కంపనాలుంటాయి. ఆ శబ్దం శరీరంలోనికి వెళ్ళి, నీరు, కండ, ఎముక కలిసే హద్దుల వద్ద కొంత కొంత వెనుకకు తిరిగివస్తుంది. బావిలోనికి వంగి కేక వేస్తే ప్రతిధ్వని వచ్చినట్లే. ఆ ప్రతిధ్వనులను యంత్రం బొమ్మగా మార్చి తెరపై చూపుతుంది.

అంతకు పూర్వం కడుపులోని బిడ్డను చూడాలంటే ఎక్స్‌రేయే దిక్కు. గర్భిణికి ఎక్స్‌రే తీస్తే, పుట్టిన బిడ్డకు బాల్యంలో కాన్సరు ముప్పు పెరుగుతుందని ఇంగ్లండులో ఆలిస్ స్టీవర్ట్ అనే వైద్యురాలు 1956లో వెల్లడించారు. ఆ రోజులలోనే స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డోనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు, లోహపు భాగాలలో దాగిన పగుళ్ళను కనిపెట్టే పరికరంతో మనిషి శరీరాన్ని పరీక్షింపవచ్చునా అని ఆలోచించారు. ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్ ఆయనకు తోడయ్యారు. 1958లో వారి పరిశోధన 'లాన్సెట్' వైద్య పత్రికలో వెలువడింది. డోనాల్డ్ గర్భస్రావాలను గట్టిగా వ్యతిరేకించిన వ్యక్తి కూడా.

యంత్రం చేసే మేలు

కాన్పు ఎప్పుడు రావచ్చునో, కడుపులో ఉన్నది ఒకరా ఇద్దరా, మాయ గర్భాశయ ద్వారానికి అడ్డుపడిందా, బిడ్డ సరిగా ఎదుగుతున్నదా అన్న సంగతులు స్కానింగ్ ముందుగానే తెలుపుతుంది. గర్భం ట్యూబులో నిలిస్తే సకాలంలో కనిపెట్టి తల్లి ప్రాణం కాపాడవచ్చు. గర్భిణికి 24 వారాలు నిండకముందే కనీసం ఒకసారి స్కానింగ్ చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫారసు చేసింది. కనుక "స్కానింగ్ పాపం" అని ఎవరైనా అంటే నమ్మవద్దు. డాక్టరుగారు చెప్పినప్పుడు తప్పక చేయించండి.

అదే యంత్రం చేసిన కీడు

అదే తెరపై ఆడబిడ్డా మగబిడ్డా అన్నదీ కనబడుతుంది. మన దేశంలో 1970ల చివరనుండే ఉమ్మనీటి పరీక్షతో లింగ నిర్ధారణ సాగింది. తరువాత స్కానింగ్ యంత్రాలు పట్టణాలకు, చిన్న ఊళ్ళకు వ్యాపించడంతో ఆ పని చౌక అయింది, సులువు అయింది. ఫలితాన్ని జనాభా లెక్కలు చూపుతున్నాయి. ఆరేళ్ళ లోపు పిల్లలలో ప్రతి 1000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1981లో 962 మంది, 1991లో 945, 2001లో 927, 2011లో 918. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో 961 ఉండగా 2011 నాటికి 939కి పడిపోయింది.

ఈ తరుగుదల అంతా స్కానింగ్ వల్లనేనని చెప్పలేము. పుట్టిన తరువాత ఆడపిల్లలకు తిండిలో, వైద్యంలో జరిగే అన్యాయం కూడా ఇందులో ఉన్నది. అయితే ఒక్క విషయం గమనించండి. పంట, ధనం సమృద్ధిగా ఉన్న పంజాబులో ఆ సంఖ్య 2011లో 846, హర్యానాలో 834. డబ్బు పెరిగితే ఈ దురాచారం దానంతట అదే పోతుందనుకొనడం పొరపాటు.

మిగిలిన సగం నిజం

కొడుకే కావాలన్న కోరికను ఈ యంత్రం పుట్టించలేదు. పుట్టిన ఆడశిశువును చంపే దురాచారం కొన్ని ప్రాంతాలలో పూర్వమే ఉండేది. దానిని ఆపడానికి 1870లోనే చట్టం చేయవలసివచ్చింది. కాని ఆ ఘోరం చేయాలంటే ఏడ్చే బిడ్డ ముఖం చూస్తూ, గుండె రాయి చేసుకొని చేయాలి. చాలా మంది చేతులు అక్కడ ఆగిపోయేవి. ఇప్పుడు ఆ ముఖం చూడనక్కరలేదు. మూసిన గదిలో, చప్పుడు లేకుండా, ఇరుగుపొరుగుకు తెలియకుండా పని ముగిసిపోతుంది. బిడ్డ ముఖాన్ని మనకు మొదటిసారి చూపిన యంత్రమే, ఆ ముఖం చూడకుండా తప్పించుకొనే దారి కూడా చూపింది.

కత్తి సామెత చెప్పని సగం ఇదే. సాధనం మన చేతిలో ఊరకే పడి ఉండదు. కష్టమైన మంచిని అది ఎంత సులభం చేయగలదో, కష్టమైన చెడునూ అంతే సులభం చేస్తుంది. అందుచేత సాధనం ఎంత శక్తి గలదైతే, దానిని వాడే మనిషి మనస్సాక్షి అంత మేలుకొని ఉండాలి.

చట్టం, శ్రీసభ బోధన

లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చేసిన చట్టం 1996 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. పరీక్ష చేసినవారికే కాదు, చేయించమని అడిగిన భర్తకు, బంధువులకు కూడా మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. బలవంతం మీద పరీక్షకు వచ్చిన స్త్రీకి శిక్ష ఉండదు. అయినా గదిలో గుసగుసగా చెప్పిన మాటను ఏ పోలీసు వినగలడు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంతకు ముందు అయిదేళ్ళలో పుట్టిన పిల్లలలో 1000 మంది మగబిడ్డలకు ఆడబిడ్డలు 929 మందే.

1987లో వాటికన్ వెలువరించిన 'దోనుమ్ వీతే' అనే బోధన ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. గర్భస్థ శిశువు ప్రాణాన్ని గౌరవిస్తూ, దాని క్షేమం కొరకో చికిత్స కొరకో చేసే పరీక్ష మంచిదే; ఫలితాన్ని బట్టి బిడ్డను తొలగించాలన్న తలంపుతో చేయించే పరీక్ష ఘోరమైన తప్పు. యంత్రం ఒకటే, గది ఒకటే. మనం అడిగే ప్రశ్న వేరు. "బిడ్డ బాగున్నదా?" అని అడిగితే అది వైద్యం. "ఏ బిడ్డ?" అని అడిగితే అది తీర్పు.

మన ఇండ్లలో

ఆ ప్రశ్న స్కానింగ్ గదిలో పుట్టదు. మన వాకిట్లో పుడుతుంది. ఆడపిల్లను "గుండెల మీద కుంపటి" అన్నప్పుడు, "ఆడపిల్ల 'ఆడ' పిల్లే కాని 'ఈడ' పిల్ల కాదు" అని నవ్వుకున్నప్పుడు, కట్నం లెక్క వేసినప్పుడు పుడుతుంది. క్రైస్తవ కుటుంబాలలో కట్నం లేదని మనం గుండె మీద చేయి వేసుకొని చెప్పగలమా? కట్నం పుచ్చుకొనే ప్రతి ఇల్లు, ఎక్కడో ఒక గర్భిణి మీద భారం మోపుతున్నట్లే.

అత్తమామలారా, కోడలు గర్భవతి అయినప్పుడు "పండంటి కొడుకును కను" అని దీవించవద్దు. "పండంటి బిడ్డను కను" అని దీవించండి. రెండవసారీ ఆడపిల్ల పుడితే ఆ ఇంటికి పరామర్శకు వెళ్ళినట్లు వెళ్ళవద్దు. మిఠాయి పట్టుకొని వెళ్ళండి. భర్తలారా, భార్య స్కానింగుకు వెళ్ళేటప్పుడు వెంట వెళ్ళండి. డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే అని ఆమెకు ముందుగానే ధైర్యం చెప్పండి.

కుటుంబంలో చర్చించుకొనడానికి

1. మన ఇంట్లో ఆడపిల్లల గురించి అలవాటుగా అనే ఏ మాటలను మానుకోవాలి?

2. మన అబ్బాయి పెళ్ళికి కట్నం తీసుకోబోమని ఇప్పుడే నిర్ణయించుకోగలమా?

3. పాత రోజులలో కష్టంగా ఉండి, నేడు ఏదో ఒక యంత్రం వల్ల సులభమైన చెడు మరి ఏదైనా మన ఇంట్లో ఉన్నదా?