చెరువు దారికి పిట్టగోడ

పఠనములు: ద్వితీయోపదేశకాండము 22:8, లూకా 10:25-37



ఈ వారం మన పాఠానికి ఆధారమైన వాక్యం బైబులులో చాలా చిన్నది. ఆదివారం దివ్యపూజలో మనకు వినబడేది కూడా కాదు. కొత్తగా ఇల్లు కట్టుకొన్నవాడు దాని మిద్దెకు చుట్టూ పిట్టగోడ కట్టించాలని, కట్టించకపోతే అక్కడినుండి ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ రక్తదోషం ఆ ఇంటిమీదికే వస్తుందని మోషే ధర్మశాస్త్రం చెబుతోంది. ఆ దేశంలో ఇళ్ళ పైకప్పులు మన డాబాల మాదిరిగా చదునుగా ఉండేవి. జనం సాయంత్రం అక్కడే కూర్చునేవారు, అక్కడే పడుకొనేవారు, జనపకట్టెలు అక్కడే ఆరబెట్టుకొనేవారు.

ఇందులో మనం గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. పడినవాడు చూసుకొని నడిచాడా లేదా అని వాక్యం అడగడం లేదు. కట్టినవాడు గోడ కట్టాడా లేదా అని అడుగుతోంది. మనిషి ఎప్పుడో ఒకప్పుడు కాలుజారతాడని దేవునికి తెలుసు. కాబట్టి పడకముందే గోడ ఉండాలన్నాడు. “చంపరాదు” అన్న ఐదవ ఆజ్ఞ కత్తి పట్టినవాడితో ఆగిపోదు. కట్టవలసిన గోడ కట్టకుండా ఊరుకొన్నవాడి దాకా వస్తుంది.

ఇక ఈ వాక్యాన్ని మన ఊరి రోడ్డుమీదికి తీసుకొని వద్దాం.

మన పెద్దచెరువు

విజయనగరం పట్టణం నడిబొడ్డున పెద్దచెరువు ఉంది. ఏటా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముగిసిన పిదప తెప్పోత్సవం జరిగేది ఈ నీటిలోనే. మన హిందూ సోదరులకు అది భక్తికి సంబంధించిన స్థలం. ఊరంతటికీ అది గాలి, నీరు, చల్లదనం. అటువంటి చెరువు పక్క దారుల్లో బస్సులు, ఆటోలు, కార్లు, మోటారుసైకిళ్ళు ఒకదాన్నొకటి తోసుకొంటూ పోతుంటాయి. వాటి నడుమ బిక్కుబిక్కుమంటూ ఒక సైకిలు.

ఆ సైకిలు ఎవరిది? తెల్లవారకముందే పాలకేన్లు తగిలించుకొని వచ్చేవాడిది. ఇంటింటికీ పేపరు వేసే కుర్రాడిది. తాపీ సంచి వెనక కట్టుకొన్న మేస్త్రిది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్‌ది. బడికి వెళ్ళే ఆడపిల్లది. 2010ల చివరి ఏళ్ళలో మన రాష్ట్ర ప్రభుత్వం ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచింది. మంచి పనే. అయితే సైకిలు ఇచ్చిన చేత్తో దారి కూడా ఇవ్వాలి కదా!

“ఈ రోజుల్లో సైకిలు ఎవరు తొక్కుతున్నారండీ?” అని మీలో కొందరు అనవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళలో సైకిలు ఉంది. అది కనబడకపోవడానికి ఒక కారణం భయం. తల్లిదండ్రులు పిల్లల చేతికి సైకిలు ఇవ్వడానికి జంకుతున్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. కేంద్ర రవాణాశాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నడిచిపోయేవారు 32 వేలకు పైగా, సైకిలు మీద పోయేవారు 4 వేలకు పైగా ఉన్నారు. వీరిద్దరి చుట్టూ ఇనుప రేకు లేదు, తలమీద కప్పు లేదు.

తెల్లగీత చాలదు

రోడ్డు అంచున తెల్లగీత గీసి, సైకిలు బొమ్మ వేస్తే సరిపోతుందని అనుకోకండి. గీత మనిషిని కాపాడదు. సాయంత్రానికల్లా దానిమీద ఆటోలు, మోటారుసైకిళ్ళు నిలబడి ఉంటాయి. సైకిలువాడు వాటిని తప్పుకోవడానికి మళ్ళీ బస్సు ముందుకే రావాలి. వేగం సంగతి కూడా తెలుసుకోండి. గంటకు 30 కిలోమీటర్ల వేగం 60 అయితే, గుద్దినప్పుడు ఆ దెబ్బలో ఉండే శక్తి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది.

మనం అడగవలసినది అడ్డుగట్టు ఉన్న సైకిలు బాట. రెండు సైకిళ్ళు పక్కపక్కన పోయేటట్టు సుమారు రెండు మీటర్ల వెడల్పు ఉండాలి. బాటకూ పెద్ద రోడ్డుకూ మధ్య కాంక్రీటు గట్టు ఉండాలి. వానకాలంలో నీరు నిలవకుండా ఆ గట్టులో అక్కడక్కడ సందులు వదలాలి. కాలువల మీది ఇనుప జాలీ ఊచలు చక్రం ఇరుక్కోకుండా బాటకు అడ్డంగా ఉండాలి. నడిచేవారికి వేరే కాలిబాట ఉండాలి. జంక్షన్ దగ్గర వాహనం నెమ్మదించేటట్టు రోడ్డును కొంచెం ఎత్తు చేయాలి. దీపాలు వెలగాలి. ఇవేవీ కొత్త ఊహలు కావు. సైకిలు బాటలు ఎలా వేయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే మార్గదర్శకాలు ప్రచురించింది.

మన చట్టం కూడా మోషే ధర్మశాస్త్రపు మాటకు దగ్గరగా వచ్చింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 198-ఎ సెక్షను ప్రకారం, నిర్ణీత ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసినందువల్ల మనిషి చనిపోయినా, అంగవికలుడైనా, దానికి బాధ్యులైన అధికారికి గాని, కాంట్రాక్టరుకు గాని లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పిట్టగోడ కట్టనివాడిదే దోషమన్నమాట.

శ్రీసభ ఏమంటోంది?

ఇది మున్సిపాలిటీ గొడవ, గుడికి సంబంధం లేదు అనుకొనేవారు ఉంటారు. అతి వేగం పిచ్చితోనో, తాగిన మైకంలోనో రోడ్డుమీద ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేవారిది ఘోరమైన దోషమని కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2290వ పేరాలో బోధిస్తోంది. 2007 జూన్‌లో వాటికన్ రోడ్డు ప్రయాణికుల మేపుదల గురించి ఒక పత్రం వెలువరించి, వాహనం నడిపేవారికి పది ఆజ్ఞలు ఇచ్చింది. అందులో మొదటిది చంపరాదన్నదే. పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో రాసిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖ 153వ పేరాలో, పట్టణాల్లో రాకపోకల తీరు జనానికి ఎంత బాధ తెచ్చిపెడుతోందో, ఒకరిద్దరికోసం నడిచే కార్లతో వీధులు ఎలా నిండిపోతున్నాయో వివరించారు.

మంచి సమరయుని కథ కూడా రోడ్డుమీద జరిగినదే. గాయపడినవాని కట్లు కట్టడం ప్రేమ. యెరికో దారిని మరొకడు గాయపడకుండా బాగుచేయడం కూడా ప్రేమే. మొదటిది చేసేవారిని మనం మెచ్చుకొంటాం. రెండవదానికి అర్జీ పెట్టడానికి మాత్రం మనకు తీరిక దొరకదు.

మన గురువులు వచ్చిన ఊరు

మన విశ్వాసానికీ ఒక చెరువు ఊరికీ సంబంధం ఉందని మీకు తెలుసా? మన శ్రీకాకుళం మేత్రాసనం 1993లో విశాఖపట్టణం మేత్రాసనం నుండి ఏర్పడింది. 1846లో విశాఖ చేరిన ఫ్రాన్సలియన్ గురువులు అనెసీ అనే పట్టణానికి చెందిన సభవారు. పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ పీఠాధిపతిగా నివసించిన ఊరు, ఆయన సమాధి ఉన్న ఊరు అదే. ఇప్పుడు అది ఫ్రాన్సు దేశంలో ఉంది.

ఆ పట్టణాన్ని ఆనుకొని పెద్ద సరస్సు ఉంది. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ మురుగు అందులోనే పడి నీరు పాడవుతూ వచ్చింది. 1957లో ఒడ్డునున్న ఊళ్ళు ఒక సంఘంగా చేరి, మురుగు సరస్సులో పడకుండా చుట్టూ పెద్ద గొట్టాలు వేయించుకొన్నాయి. తరువాతి కాలంలో సరస్సు పక్క మూతబడిన రైలుదారిని సైకిలు బాటగా మార్చారు. సరస్సు చుట్టూ సుమారు 40 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం కార్ల బెడద లేకుండా పిల్లలు, ముసలివారు కూడా సైకిలుమీద తిరుగుతారు. ముందు నీరు, తరువాత దారి. ఆ వరుస మనకు పాఠం.

“వారు ధనవంతులు, మనకెలా కుదురుతుంది?” అంటారా? హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను, పైన సోలారు పలకల కప్పుతో, 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. అదే నగరంలో 2021 ఆగస్టులో హుస్సేన్‌సాగర్ ట్యాంకుబండును ఆదివారం సాయంత్రాలు వాహనాలకు మూసి కుటుంబాలకు వదిలారు. మనం కూడా అలాగే చిన్నగా మొదలుపెట్టవచ్చు. ముందు ఆదివారాలు కొన్ని గంటలు, తరువాత ఒక పక్క బాట, ఆ తరువాత చుట్టూ బాట.

రెండు జాగ్రత్తలు

మొదటిది, బాట కోసం చెరువును కప్పకూడదు. చెరువులు, కుంటలు ప్రజల ఉమ్మడి ఆస్తి అని, వాటిని కాపాడాలని 2001లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బాటకు చోటు వాహనాల రోడ్డులోనుండి తీసుకోవాలి.

రెండవది, చెరువు పక్క టిఫిన్ బండి, పళ్ళ తోపుడుబండి పెట్టుకొని బతికేవారిని తరిమివేయకూడదు. సైకిలువాడూ పేదవాడే, బండివాడూ పేదవాడే. ఒక పేదవాడి పిట్టగోడకు మరొక పేదవాడి పొట్ట కొట్టరాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీ ద్వారా వారికి స్థలం చూపించాలని కూడా అదే అర్జీలో రాయండి.

మనం చేయదగినవి

1. ఒక ఉదయం, ఒక సాయంత్రం విచారణ యువజన సంఘం చెరువు పక్క నిలబడి, గంటలో ఎన్ని సైకిళ్ళు వెళ్ళాయో, అందులో పిల్లలెందరో లెక్క రాయాలి.

2. ఆ లెక్కతో నగరపాలక సంస్థ కమిషనరుగారికి, కలెక్టరుగారు అధ్యక్షులుగా ఉండే జిల్లా రహదారి భద్రతా కమిటీకి అర్జీ ఇవ్వాలి. హిందూ, ముస్లిం ఇరుగుపొరుగువారి సంతకాలు కూడా తీసుకోండి. చెరువు అందరిదీ.

3. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

4. కారు, మోటారుసైకిలు ఉన్న కుటుంబాలు సైకిలు పక్కనుండి పోయేటప్పుడు వేగం తగ్గించాలి. హారను కొట్టి బెదరగొట్టకూడదు. గుడికి వచ్చినప్పుడు బండి కాలిబాటమీద నిలపకూడదు.

కుటుంబ ప్రార్థనలో చర్చించండి

అ) మన ఇంట్లో, మన వీధిలో, మన గుడి ఆవరణలో కట్టవలసిన ‘పిట్టగోడ’ ఏదైనా మిగిలి ఉందా?

ఆ) మన పిల్లల్ని సైకిలుమీద ఒంటరిగా బడికి పంపాలంటే ఏ జంక్షన్ దగ్గర మనకు భయం? ఆ సంగతి ఎవరికైనా చెప్పామా?

ఇ) మన విచారణలో సైకిలుమీద పనికి పోయేవారెవరు? వారి కష్టం ఎప్పుడైనా అడిగి తెలుసుకొన్నామా?

ఇటలీలో కోమో సరస్సుకు ఎగువన కొండమీద గిసాల్లో మరియమాత చిన్న గుడి ఉంది. 1949లో పన్నెండవ పియుసు పోపుగారు ఆ మాతను సైకిలు తొక్కేవారి పాలకురాలిగా ప్రకటించారు. ఈ వారం జపమాలలో ఒక పదిని మన ఊరి సైకిలువారి కోసం చెప్పి, ఆ తల్లి చేతుల్లో పెడదాం. జపమాల ముగిశాక అర్జీమీద మొదటి సంతకం మనమే పెడదాం.