మైటోకాండ్రియా ప్రొటీన్లు ఎవరివి?



“మైటోకాండ్రియా కణ శక్త్యాగారం.” నిద్రలో లేపి అడిగినా మీ పిల్లలు ఈ మాట చెప్తారు. నైన్త్ క్లాస్‌లో నేను ఇంకో మాట కలిపాను: మైటోకాండ్రియా ఒకప్పుడు బాక్టీరియా, అందుకే దానిలోని ప్రొటీన్లన్నీ అక్కడి నుంచి వచ్చినవే. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచింది. “మేడం, దానికి సొంత జీన్లు 37 అన్నారు, ప్రొటీన్లు ఇచ్చేవి 13 అన్నారు. మరి మిగతావి ఎవరివి?” రేపు చెప్తానన్నాను. ఇంటికెళ్లి చదివితే తేలింది, నేను చెప్పిందే తప్పు.

150 కోట్ల ఏళ్లకు ముందే ఒక బాక్టీరియా ఇంకో కణంలో చేరి అక్కడే ఉండిపోయింది. ఈ ఆలోచనను 1967లో గట్టిగా ముందుకు తెచ్చింది లిన్ మార్గులిస్. చేరిన బాక్టీరియా జీన్లలో చాలా పోయాయి, కొన్ని కేంద్రకంలోకి మారాయి. ఇవాళ మన మైటోకాండ్రియాలో 1,100కు పైగా ప్రొటీన్లున్నాయి. ఆ 13 తప్ప మిగతావన్నీ కేంద్రకం రాత ప్రకారం బయట తయారై లోపలికి వెళ్తాయి. అయితే వాటిలో ఆ పాత బాక్టీరియా వారసత్వం స్పష్టంగా కనిపించేవి కొద్ది భాగమే. చాలావరకు ఆశ్రయమిచ్చిన కణం తర్వాత సమకూర్చుకున్నవి.

క్లాసులో గద్వాల చీర గుర్తుచేశాను. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, రెండూ మగ్గం మీదే కలుస్తాయి. ఏటీపీ సంగతీ అంతే. (1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఏటీపీని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. పిల్లలకు ఈ పేరు చెప్పండి, పుస్తకంలో లేకపోయినా.) ఏటీపీ తయారుచేసే యంత్రం బాక్టీరియా ఆస్తి. తయారైన ఏటీపీని బయటికి పంపి, ఏడీపీని లోపలికి తెచ్చే ప్రొటీన్ మాత్రం ఆశ్రయమిచ్చిన కణానిది. స్వేచ్ఛగా బతికే బాక్టీరియాకు తన శక్తిని బయటికిచ్చే అవసరమేముంది?

మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకున్నాను. ఒక నాన్నగారు ఫోన్ చేసి “ఇది ఎగ్జామ్‌లో వస్తుందా మేడం?” అన్నారు. రాదండీ. కానీ స్లిప్ టెస్ట్‌లో ఇద్దరు నా పాత మాటే రాశారు. నేను చెప్పిందే రాసినవాళ్లకు మార్కులెలా తగ్గిస్తాను?

ఆ రోజు సెలవు పెట్టినవాళ్ల నోట్స్‌లో “ప్రొటీన్లన్నీ బాక్టీరియావే” అని ఇంకా ఉంటే, దయచేసి ఆ “అన్నీ” కొట్టేయించండి.